విల్మా గొంతు గురించి

పార్మా పట్టణంలో కాపురముంటున్న ఒపెరా గాయని, అరవై ఎనిమిదేళ్ళ ఎర్సీలియా కవాన్నా అను నేను, తెలివి చెదరకుండా, ఎవరి బలవంతమూ లేకుండా నా దస్తూరితో రాస్తున్న వీలునామా. గొంతులో పుండని కోసేశారు కనుక నోటితో చెప్పలేను. అది మళ్ళీ లేచింది. ఈసారి కొయ్యరట.

1. నా అంత్యక్రియల్లో ఎవరూ పాడకూడదు.

2. పియానో, స్వరపుస్తకాలు అదెల్మో గిరెత్తి గారికి. ముప్పై ఏళ్ళు నా పాటకు వాయించారు. ఈ వీలునామా అమలు బాధ్యతా ఆయనదే. ఎడమ పెడల్ కిర్రుమంటోంది, కాస్త నూనె వేయించుకోండి.

3. నా భర్త ఒరెస్తేకు ఏమీ లేదు. 1931లో నాకు మొదటిసారి నాయిక వేషం దొరికింది. ప్రదర్శన రోజున ఒళ్ళు కాలిపోతోంది, గొంతు వాచింది. "ఈ ఒక్కసారి పాడవే, నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. పాడాను. మూడో అంకంలో గొంతు చీలిపోయింది. "ఇంటికెళ్ళి వంట చేసుకోవమ్మా!" అని పై గ్యాలరీ వాళ్ళు గేలిచేస్తూ ఈలలేశారు. ఆ గొంతు మళ్ళీ రాలేదు. ఒరెస్తే ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయాడు. నేను ఇరవై రెండేళ్ళు బృందగానంలో, వెనక వరసలో నిలబడ్డాను.

4. ఇల్లు, కుట్టుమిషను, నాయిక వేషానికి కుట్టించిన మఖమలు గౌను నా కూతురు విల్మాకు. గౌను కుట్లు విప్పేసి ఆ గుడ్డతో ఏమైనా కుట్టుకో.

5. విల్మా, ఇది కొట్టేయమని నోటరీ అన్నాడు. కొట్టేయను. పద్దెనిమిదేళ్ళప్పుడు గిరెత్తి గారి పక్కన నిలబడి పాడావు. "ఎలా ఉందమ్మా?" అనడిగావు. "నీకు గొంతు లేదే పిల్లా, ఏదైనా పని నేర్చుకో" అన్నాను. ఆయన ఏదో అనబోతే కళ్ళతోనే ఆపాను. అబద్ధం చెప్పాను. నీది నాకన్నా మంచి గొంతు. ఆ గ్యాలరీ నిన్నూ నమిలేస్తుందని భయమన్నది సగమే నిజం. వెనక వరసలో నిలబడి నీ పాట వినలేననుకున్నాను.

నీకిప్పుడు నలభై. మేజోళ్ళ మిల్లులో నూలు ధూళికి దగ్గుతున్నావు. నువ్విప్పుడు పాట నేర్చుకోవడం ఇంకా వీలవుతుందా అని కాగితం మీద రాసి గిరెత్తి గారినడిగాను. తల అడ్డంగా ఊపారు. ఈ నిజం నీకెందుకూ పనికిరాదు. అయినా నీది, నీకే చెందాలి.

నా మీద కోపంతో ఇల్లు వద్దనకు. వంటింటి కప్పు కారుతోంది. మంచు పడకముందే బాగుచేయించు.

పార్మా, 9 నవంబరు 1963
(సంతకం) ఎర్సీలియా కవాన్నా

సాక్షులు:
ఇల్దె మన్‌ఫ్రేదీ, ఎదురింటి దర్జీ
అకిల్లె బొక్కీ, మా చర్చి ఫాదరు