గూటి మీద గొడుగు

అడవిశాఖ ఆఫీసరు బాబుకు,

ఈ దీవిలో ఎవరూ ముట్టుకోకూడదని మీరు రేవులో బోర్డు పెట్టిన పిట్ట మా పెరటి పూలతొట్టిలో గుడ్లు పెట్టింది. నేను ముట్టలేదు నాయనా, ఒట్టు. కాని మొన్న కుండపోత వానకు మనసాగక పైన గొడుగు తెరిచి కట్టాను. అదీ నేరమేనా? పిట్ట గొడుగుకు అలవాటు పడింది. ఇప్పుడు తీస్తే బెదిరి గుడ్లు వదిలేస్తుందని నా భయం. గొడుగేమో మా తోడికోడలిది. "నీ పిట్ట కోసం నేను తడవాలా అక్కా? ఆదివారం వచ్చి పీక్కెళ్తా" అంటోంది.

నన్ను జైల్లో పెడితే పెట్టండి, మోకాళ్ళ నొప్పులు గనక దుప్పటి ఇప్పించండి. ముందు మాత్రం, పిల్లలు ఎగిరేదాకా ఆ గొడుగు కూడా చట్టంలోదేనని ముద్ర వేసి ఒక ముక్క పంపండి. ఆవిడ మా అత్తగారికే భయపడలేదు. సర్కారంటే మాత్రం వణుకు.

ఇట్లు,
గొడుగు కట్టిన ముసలిది