తరగని డబ్బా

మార్చి 1, సోమవారం. ఉదయం 6.30

బరువు 84. చెడ్డ కొలెస్ట్రాల్ 178. డాక్టరుగారు ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టారు.

నేటి నుంచి ఇరవై ఒక్క రోజులు మార్జరిన్ ముట్టను! ముట్టనంటే ముట్టను!!

ఈ మాట అంటున్నది ఎవరనుకున్నారు? ఇరవై రెండేళ్ళుగా నూనెను వెన్నలా మార్చే ఈ మార్జరిన్ ఫ్యాక్టరీలో రుచి చూసే ఆరుగురికీ పెద్దని. అక్కడ నా ముద్దుపేరు ‘నాలుక’. డ్యూటీలో రుచి చూసి ఉమ్మేస్తాను కాబట్టి అది లెక్కలోకి రాదు.

ఇంట్లో పాత సరుకు ఏడు డబ్బాలుంటే ఆరింటిని మా ఆవిడ చెత్తబుట్టలో పడేసింది. ఏడోది కనబడలేదట. (ఫ్రిజ్‌లో ఐసు ట్రేల వెనక ఉంది. తినడానికి కాదు, జ్ఞాపకార్థం.)

మార్చి 3, బుధవారం. సాయంత్రం 6

మనసు బాగాలేదు.

మా అక్క కూతురు మా ల్యాబులోనే కెమిస్టు. పాత పద్ధతిలో వేడి నూనెలో నికెల్ పొడి వేసి హైడ్రోజన్ ఎక్కిస్తాం. నీళ్ళలా పారే నూనె సగం గడ్డకడుతుంది. ఆ సగం సగం పనిలోనే ట్రాన్స్ ఫ్యాట్ పుడుతుంది. అది ఒంట్లో చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది, మంచిదాన్ని తగ్గిస్తుంది. పుండు మీద కారం!

ఈ పిల్ల రెండేళ్ళు కూర్చుని కొత్త దారి పట్టింది. పూర్తిగా గడ్డకట్టించిన కొవ్వులో ట్రాన్స్ ఫ్యాట్ దాదాపు ఉండదు, కాకపోతే మైనంలా ఉంటుంది. దాన్ని మామూలు నూనెతో కలిపి మెత్తబరిచింది. మిగతా తంతు పాతదే. ఉప్పునీళ్ళు పోసి చిలకడం, చల్లటి గొట్టంలో గోకుతూ పిసకడం, డబ్బాకెత్తడం.

పాతదానిలాగే ఉందని ఆరుగురమూ చెప్పాలి. ఐదుగురు చెప్పారు. నేను “ఊహూ” అన్నాను.

“మావయ్యా, కప్పుల మీద అంకెలు వేసేది నువ్వేగా? ఏది కొత్తదో నీకు ముందే తెలుసు.”

“తెలిస్తే? ఇరవై రెండేళ్ళ నాలుకమ్మా ఇది. దీనికి గంతలు కట్టక్కర్లేదు.”

పిల్ల ముఖం చిన్నబోయింది. నెలాఖరులోగా నేను ఒప్పుకోకపోతే తన రెండేళ్ళ పనీ అటకెక్కుతుంది. నాకూ బాధగానే ఉంది. కానీ నాలుక అబద్ధం చెప్పదు కదా!

వద్దన్న సరుకు పారేయడం ఎందుకని నాలుగు డబ్బాలు తెచ్చి మా ఆవిడకిచ్చాను. కేకులకి పనికొస్తాయి.

మార్చి 5, శుక్రవారం. ఉదయం 7

ఉత్త బ్రెడ్డు. అట్టముక్క నమిలినట్టుంది. అయినా ధైర్యం సడలలేదు!

మార్చి 6, శనివారం

7.10: ఐసు ట్రేల వెనక డబ్బాలోంచి ఒక్క చెంచా. కారణం: నోట్లో పుండు.

7.15: పుండు లేదు. అయినా జాగ్రత్త మంచిది. ఇంకో చెంచా.

7.20: అసలు కారణం ఇప్పుడు తోచింది. పాత రుచి నాలుక మరిచిపోతే రేపు తీర్పు ఎలా చెప్పడం? ఇది తిండి కాదు, విధి నిర్వహణ. బ్రెడ్డు మీద రాసుకుని రెండు ముక్కలు.

అబ్బ! అదీ రుచంటే!

మార్చి 12, శుక్రవారం

మళ్ళీ పరీక్ష. మళ్ళీ “ఊహూ”. పిల్ల మధ్యాహ్నం భోజనం కూడా చెయ్యలేదు. నా గుండె తరుక్కుపోయింది. ఇంటికొచ్చి ఆ దిగులుతో మూడు ముక్కలు తిన్నాను.

మార్చి 16, మంగళవారం

విచిత్రం. పది రోజులుగా తింటున్నా డబ్బా నిండుగానే ఉంది. పాత సరుకు మహిమ! ఈ కాలం సరుకు ఇలా నిలబడుతుందా?

మా ఆవిడ ఈ మధ్య నన్ను చూసి ఊరికే నవ్వుతోంది. సన్నబడ్డాననుకుంటాను.

మార్చి 21, ఆదివారం. ఉదయం 8.15

దొరికిపోయాను.

చేతిలో డబ్బా, నోట్లో బ్రెడ్డు. వంటింటి గుమ్మంలో మేనకోడలు. వస్తానని వాళ్ళత్తయ్యకి చెప్పిందట, నాకెవరూ చెప్పలేదు.

“ఇదేంటి మావయ్యా?”

తప్పు చేసినవాడికే గొంతు పెద్దది. “ఆఖరి పాత డబ్బా! తిని చూడు! నీ కొత్తది ఏడు జన్మలెత్తినా ఇలా ఉంటుందా?”

పిల్ల వేలితో రుచి చూసింది. కళ్ళల్లో నీళ్ళు.

మా ఆవిడ స్టవ్ దగ్గర్నుంచి తిరగనైనా తిరగలేదు. “ఏడవకే పిచ్చిదానా. అది నువ్వు చేసిందే. ఆయన వద్దని తెచ్చిన డబ్బాలు. ఐసు ట్రేల వెనక దొరికిన పాతది ఆ రోజే పారబోసి ఇందులో నింపా. రోజూ ఆయన స్నానానికెళ్ళగానే మళ్ళీ నింపుతున్నా.”

పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. నేలమీద కూర్చుని మరీ నవ్వింది. నేను మిగిలిన ముక్క పూర్తి చేశాను. ఇంకేం చెయ్యను?

సిగ్గేసింది. ఆ పిల్ల అన్నం మానేలా చేసింది నా నాలుక కాదు, నా పొగరు.

మార్చి 22, సోమవారం. సాయంత్రం 5

కప్పుల మీద అంకెలు పిల్లే వేసింది. మూడు కప్పులు, అందులో ఒకటే కొత్తది. రెండుసార్లు చూసి, “కచ్చితంగా ఇదే కొత్తది” అని చూపించాను. అది పాతదట! అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కాగితం మీద సంతకం పెట్టేశాను.

రక్తపరీక్ష ఫలితం: చెడ్డ కొలెస్ట్రాల్ 171. “మీ సంకల్పబలం గొప్పదండీ!” అన్నారు డాక్టరుగారు. కాదనలేదు. మా ఆవిడ దగ్గి, ఇంట్లో కొత్తరకం మార్జరిన్ వాడుతున్నామని చెప్పింది.

“అయితే మంచిదైనా కొవ్వు కొవ్వేనండీ, అది కూడా తగ్గించాలి” అన్నారు.

కనుక కొత్త నిర్ణయం. ఇరవై ఒక్క రోజులు ఏ మార్జరిన్నూ ముట్టను! పాతదీ కొత్తదీ ఏదీ! ఈ డబ్బా అయిపోయిన మర్నాడే మొదటి రోజు.

ఇప్పుడే వెళ్ళి చూశాను. నిండుగా ఉంది.