షేరు మోటారు ధరకు వచ్చింది

పెర్మిలి,
అక్టోబరు 2007.

వినయ్ బావకు,

పడవ మోటారుకని మేం దాచిన డబ్బుతో నువ్వు కొన్న కంప్యూటరు కంపెనీ షేర్లు మూడింతలయ్యాయని పేపర్లో చూశాను. ఇప్పుడు అమ్మితే మోటారు వస్తుంది. అమ్మెయ్.

పోయిన నెల అడిగితే "జర ఆగురా, దీపావళికి ఇంకింత పెరుగుతది" అన్నావు. నువ్వు కరీంనగర్‌లో ఫ్యాను కింద కూర్చుని ఆగుతావు. నాయన సిరొంచలో గడకర్రతో పడవ తోస్తూ ఆగుతున్నాడు. కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు. నేను తోద్దామంటే ఇక్కడ రోడ్డు పనిలో ఉన్నాను.

రేవులో జనం "మోటారు ఎప్పుడొస్తదే పోచన్నా, మేం ముసలోళ్లమైనంకనా?" అని నవ్వితే, "అల్లుడు ఆగుమన్నడు" అంటాడు. అల్లుణ్ణి నోరు తెరిచి అడగడం ఆయనకు నామోషీ. నాకేం లేదు.

షేరు ఎందాక పెరుగుతుందో నాకు తెలియదు. నీకూ తెలియదు. అమ్మిన మర్నాడు రెండింతలైనా నిన్ను ఒక్క మాట అనను.

ఒక్కటి మాత్రం చెయ్యి. డబ్బు పంపేటప్పుడు, అమ్ముదామని నీకే అనిపించిందని నాయనకు చెప్పు. నేను అడిగానని తెలిస్తే ఆయన ఆ మోటారు ముట్టడు.

నీ బామ్మర్ది