కుంపటి వాకిట్లోనే పెట్టండి

పలమనేరు నుంచి

నాయన, అమ్మ కాళ్లకు మొక్కి మీ బిడ్డ భారతి రాసేది.

ఈడ నేనూ, మీ అల్లుడూ, అమ్ములూ బాగుండాము. ముందే రాసేస్తా ఉండాను, యాలంటే కింద రాసింది చదివితే నువ్వు గాబరా పడతావు. గాబరా పడొద్దు, అంతా అయిపోయింది. నీ మోకాలి నొప్పి ఎట్లుండాది? వదినా, చంటిబిడ్డా బాగుండారా? బిడ్డ ఎవరి పోలికని అన్నను అడిగితే ‘తెల్లగుండాడు’ అంటాడు. అది పోలికా?

ఫోన్లో చెప్పకుండా ఉత్తరం యాల రాస్తా ఉండానంటే, నీకు చెవులు సరిగా వినపడవు, ఏం చెప్పినా ‘ఆఁ ఆఁ, మంచిదిమ్మా’ అంటావు. అమ్మతో కుంపటి సంగతి చెప్పినాను. ‘నీకు పురుడు పోసింది నేను, నాకు నువ్వు సెప్పొచ్చినావా’ అని ఫోన్ పెట్టేసింది. అమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అందుకే నీకు రాస్తా ఉండాను. నువ్వు చెప్తే వింటాది.

మన కార్వేటినగరం చలి ఒక చలే కాదు నాయనా. ఈడ మంచు పడితే ఎదురింటి గోడ కూడా అగుపించదు. పాల వ్యాను తోలేదానికి మీ అల్లుడు కోడి కూయకముందే పోతాడు, నాలుగు అడుగులు వేసేసరికి మనిషి ఉండడు, దగ్గు మాత్రం వినిపిస్తాది. నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. సంగటి కెలికినా చేతులు వెచ్చబడవు. పగలంతా మాట్లాడేదానికి ఇంటామె రాజమ్మవ్వ ఒక్కతే దిక్కు. ముందరింట్లో ఆమె, వెనకింట్లో మేము. ముసిలిది మంచిది, అమ్ములంటే ప్రాణం.

వచ్చిన కొత్తలోనే అమ్ములుకు పడిశం పట్టింది. ముక్కు కారేది, గొంతు గరగర, ఒళ్లు వెచ్చన. అమ్మ చేసేవన్నీ చేసినాను. తులసాకు, మిరియాలు, శొంఠి వేసి కషాయం కాచినాను. కర్పూరవల్లి ఆకు సెగకు వాడ్చి రసం పిండినాను. వాము మూట కట్టి వీపుకు కాపినాను. అవ్వ ఊరుకుంటాదా, బొగ్గుల కుంపటి తెచ్చి మంచం పక్కన పెట్టింది. తలకు పోసిన దినం సాంబ్రాణి కూడా ఆ నిప్పుల్లోనే. చలిగాలి రాకుండా కిటికీ మూసి, తలుపు సందుల్లో పాత చీరలు కుక్కింది. ‘గాలి తగలకుంటే జబ్బు దానికదే పోతాది మే’ అనింది. మన ఇంట్లోనూ అంతే కదా, నాకు తప్పుగా తోచలేదు.

పడిశం తగ్గలేదు సరిగదా, నాకూ తలనొప్పి పట్టుకునింది. కడుపులో తిప్పేది, కాళ్లు ఈడ్చేది. మీ అల్లుడు ఇంట్లో ఉన్నంతసేపూ తల పట్టుకొని కూర్చుంటాడు, వ్యాను ఎక్కితే బాగైపోతాడు. తిరుగుబోతుకు తలనొప్పి కూడా తిరిగితేనే పోతాదే అని నేనే ఎగతాళి చేసినాను.

అప్పుడే అమ్ములు అనింది, ‘అమ్మా, మూలలో అక్క దగ్గుతా ఉండాది’ అని.

ఏ అక్క అంటే గోడ అల్మారా పక్క మూల చూపించింది. ఆడ ఏమీ లేదు. కోప్పడి పడుకోబెట్టినాను. మరుసటి దినం తెల్లవారి నేను వంటచెరుకు సర్దుతా ఉంటే నాకే వినిపించింది. పొడి దగ్గు. అమ్ములుది కాదు, అది నా కండ్ల ముందరే నిద్రపోతా ఉండాది. ఆ మూలలో నుంచే. ఎవరో నోటికి పైట అడ్డం పెట్టుకొని దగ్గినట్ల. ఇంకొక దినం అయితే ఆ మూలలో పావడ అంచు కదిలినట్ల అగుపించింది.

అవ్వతో చెప్తే ఆమె మొగం మాడిపోయింది. ఆ గదిలోనే ఆమె కూతురు పోయిందంట, విమల. పెండ్లి కుదిరిన పిల్ల. ఇట్లే చలికాలంలో దగ్గు, జరం. రాత్రి పడుకుంది, తెల్లారి లేవలేదు. ‘మొగం ఎర్రగా కళకళలాడతా ఉన్నింది మే, సచ్చిపోయిందంటే నేను నమ్మలే’ అనింది. బిడ్డ ఇంకా ఆ గది వదల్లేదని ఆమె నమ్మకం. దిష్టి తీసింది, ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసింది. దయ్యం దరి చేరకుండా ఇంకా నిండుగా బొగ్గులు పోసింది, తలుపు కింద గోనెపట్ట దోపింది. మేము పొగ పెట్టేకొద్దీ ఆ దగ్గు ఎక్కువయింది. అమ్ములు చెంపలు ఎర్రబడితే ‘సూడు, బిడ్డకు కళ వచ్చింది’ అనింది అవ్వ.

ఆ తెల్లవారి మీ అల్లుడు పాలు దించి వచ్చి తలుపు కొడతా ఉండాడు. నాకు వినపడతా ఉండాది, లేద్దామంటే కాళ్లు నావి కావు. పక్కనే అమ్ములు మెత్తగా గుడ్డ మాదిరి పడుండాది. పిలిస్తే పలకలేదు. ఆ మూలలో ఎవరో నిలబడి మమ్మల్ని చూస్తా ఉండారని మాత్రం బాగా తెలుస్తా ఉండాది. ఆయన తలుపు తోసుకొని వచ్చి బిడ్డను బయట మంచులోకి ఎత్తుకుపోయినాడు, మళ్లా వచ్చి నన్నూ ఈడ్చుకొచ్చినాడు. ఆ చలిగాలి తగిలినాక బిడ్డ మూలిగింది. బతికింది నాయనా. ఆ మూలుగు విని నేను వాకిట్లోనే కూలబడి ఏడ్చినాను.

ఆస్పత్రిలో ముక్కుకు గాలి పెట్టినారు. డాక్టరమ్మ అంతా విని ‘ఇంట్లో అందరికీ తలనొప్పా, బయటికి పోతే తగ్గుతాదా’ అని అడిగి, కుంపటి యాడ పెడతారనింది. మూసిన గదిలో బొగ్గులు మండితే వాసన లేని విషగాలి పుడతాదంట. తలనొప్పి, వాంతి, మగత, అచ్చం చలిజరం మాదిరే ఉంటాదంట. మొగం ఎర్రబడేదీ ఆ గాలికేనంట. లేనిపోనివి వినిపిస్తాయి, అగుపిస్తాయంట. నాకూ బిడ్డకూ ఒకే దగ్గు ఎట్ల వినిపించిందని నేను అడగలేదు. అడగబుద్ధి కాలేదు.

అందుకే నాయనా, నీకు దండం పెట్టి చెప్తా ఉండాను, వదినా బిడ్డా పడుకునే గదిలో కుంపటి పెట్టనియ్యొద్దు. నీళ్లు కాచేదీ, సాంబ్రాణీ అంతా వాకిట్లోనే. చలేస్తే బిడ్డకు టోపీ, మేజోళ్లు వేసి తల్లి ఒళ్లో పెట్టుకుంటే చాలు. చంటోడికి తేనె నాకించొద్దు, ముక్కుకు కర్పూరం పూయొద్దు, కషాయాలు పోయొద్దు, తల్లిపాలే మందు అనింది డాక్టరమ్మ. ఒళ్లు వెచ్చబడినా, డొక్కలు ఎగరేసినా, పాలు తాగకపోయినా తెల్లారేదాకా కాచుకోకుండా ఆస్పత్రికి ఎత్తుకుపోండి. పెద్దోళ్లకైతే ఉప్పునీళ్లు పుక్కిలిస్తే గొంతు నొప్పి తగ్గుతాది, ఆవిరి పట్టినా మంచిదే. అమ్మ కషాయం నువ్వు తాగు, మేలే.

ఒక్కటి మాత్రం నేను తొందరపడినాను. ఇంటికి వచ్చినాక డాక్టరమ్మ చెప్పిందంతా అవ్వకు చెప్పేసినాను, ఆమె కూడా జాగ్రత్తగా ఉంటాది కదా అని. అవ్వ అంతా వినింది. ‘అయితే మా విమల పక్కన కుంపటి పెట్టిందీ, సందులు మూసిందీ నేనే కదమ్మా’ అనింది. తరవాత అమ్ములును దగ్గరికి పిలిచి, ‘ఆ అక్క ఏ పావడ కట్టుకోనుండె?’ అని అడిగింది. ‘పచ్చది’ అనింది అమ్ములు. ‘పచ్చదే’ అంటా అవ్వ లేచి ముందరింట్లోకి పోయింది.

మొన్న తెల్లవారి చూస్తే ముందరింటి తలుపు మూసుండాది, సందులో నుంచి పాత చీర కొంగు అగుపిస్తా ఉండాది. లోపలి నుంచి కుక్కిండారు. నేనూ మీ అల్లుడూ తోసుకొని పోయినాము. అవ్వ నిండు కుంపటి ముందర పెట్టుకొని మా గది తట్టు మూలకు చూస్తా కూర్చోనుండాది. కుంపటి ఈడ్చుకొని బయట పెట్టి, ఆమెను వాకిట్లోకి తెచ్చినాను. ఆమె నన్ను తిట్టలేదు. నా చెయ్యి పట్టుకొని, ‘రొంతసేపు ఉండనియ్యి మే. దగ్గు ఇనపడతా ఉండాది’ అనింది.

ఇప్పుడు అవ్వను మా గదిలోనే పడుకోబెట్టుకుంటా ఉండాము, కిటికీ తెరిచే. బొగ్గుల మూట మీ అల్లుడు యాడనో పారేసి వచ్చినాడు. చంటోడిని తొట్లో వేసే దినానికి రాలేను, అవ్వను ఒంటిగా వదిలితే ఏమైతాదో తెలుసు. వదినకు నువ్వే సర్ది చెప్పు. పాతది ఒక ఉన్ని శాలువా ఉంటే అన్న చేత పంపించు, అవ్వకు.

పెద్దోళ్లందరికీ నా దండాలు, చంటోడికి ముద్దులు. నన్నూ అమ్ములునూ దీవించు నాయనా. అవ్వను కూడా దీవించమని రాద్దామనుకున్నాను గానీ, ఏమని దీవించమనాలో నాకు తెలియలేదు. నిన్న సాయంత్రం అమ్ములు ఊరికే ఒకసారి దగ్గింది, నీళ్లు పొలమారి. అవ్వ ఉలిక్కిపడి లేచి, బిడ్డ తట్టు కాకుండా మూల తట్టు తిరిగి, ‘వస్తాండానమ్మా’ అనింది.

మీ బిడ్డ,
భారతి