మూడు నలభైలు

చాట్రాయి,
6 జూలై 1948

ప్రియమైన సత్యవతికి సీతమ్మ రాసేది.

నువ్వు పంపిన కుక్క మొన్న ఆదివారం బండిలో వచ్చింది. ఎర్రది, వెనక కాలు విరిగింది. బండివాడు దాన్ని మా కొట్టం దగ్గర దించి, "పశువులాసుపత్రి కంపౌండరు గారి భార్య మీకిమ్మన్నారండీ, కాలు మానేదాకే" అని పోయాడు. నీతో చదివిన రెండో తరగతితో ఆగిపోయినా నాకు చదవడం వచ్చుగా. ముందు ఒక కార్డు ముక్క రాసి అడగాల్సింది. పిచ్చికుక్క కరిచి నా శ్రీరాములు పోయి రెండేళ్ళు కాలేదు. తొమ్మిదేళ్ళ బిడ్డ. ఆ ఇంటికే కుక్కని పంపడానికి నీకు చేతులెలా వచ్చాయే? మా ఆయన దాన్ని చూసి, చద్దన్నం ముట్టకుండానే పొలం పోయాడు.

కాలు విరిగినదాన్ని రోడ్డు మీదికి తోలలేక కొట్టంలో కట్టేశాను. ముట్టుకోను మాత్రం.

నీ సీతమ్మ


నూజివీడు,
11 జూలై

సీతా,

తిట్టు, పడతాను. ఇంకో చోటు లేకే నీకు పంపాను. మామిడితోటలు పాటకి తీసుకున్న వర్తకులు పూత నుంచీ కాపలాకి కుక్కల్ని తెచ్చి పెడతారు కదా. కాయల ఆఖరి బండి కదలగానే గుడిసె పీకేసి, కుక్కల్ని వదిలేసి పోతారు. బండ్లు మళ్ళీ వస్తాయని అవి అక్కడే కూచుంటాయి. ఆకలికి ఊళ్ళోకొస్తే మందు కలిపిన మాంసం పెట్టి చంపుతున్నారు. మా పెరట్లో ఇప్పటికే ఏడున్నాయి. "ఇంకోటి తెచ్చావంటే నేను కాశీ పోతా" అంటోంది మా అత్తగారు. "ఏ రైలుకే అమ్మా?" అని అడిగారు మా ఆయన.

ఎర్రదాన్ని మా ఆయన పదిహేను రోజులు కట్టేసి చూశారు. రోగం లేదు. ఉంగుటూరులో సువర్ణరాజు గారికి కళ్ళం కాపలాకి కుక్క కావాలట. కాలు మానగానే ఆయనకిచ్చేద్దాం. అందాకా దూరం నుంచి ఇంత గంజి పొయ్యి, చాలు.

నిన్ను బాధపెట్టిన
సత్యవతి


చాట్రాయి,
20 ఆగస్టు

సత్యవతీ, బాగున్నావా.

మొదట మూడు రోజులు ఏం పెట్టినా అది ముట్టలేదు. చచ్చిపోతుందనుకున్నాను. పక్కింటి కృష్ణవేణి వచ్చి, "తోట కుక్కలు డబ్బా మోగితే గానీ తినవు వదినా. కాపలావాడు కోతుల్ని తోలడానికి డబ్బా వాయించి, ఆ తర్వాతే కూడు పెడతాడు" అంది. కిరసనాయిలు డబ్బా తీసి కొట్టాను. గబగబా తినేసింది. ఇప్పుడు రెండుపూటలా వీధంతా నవ్వే. సీతమ్మ ఇంట్లో దండోరా వేస్తున్నారు, ఏం చాటుతున్నారో పోయి వినండి అంటున్నారు.

కాలికి కట్టిన వెదురు బద్దలు మార్చాలి కదా, ముట్టుకోక తప్పలేదు. కళ్ళు మూసుకుని కట్టాను. అది నా చెయ్యి నాకింది. బావి దగ్గరికి పరిగెత్తి మోచేతి దాకా మూడుసార్లు కడుక్కున్నాను. తర్వాత గట్టు మీద కూచుని ఏడ్చాను. ఎందుకో అడగకు.

"కంపౌండరు గారి ఇల్లాలు నీకు ఉద్యోగం ఇచ్చిందే, జీతమెంతా?" అన్నాడు మా ఆయన. శ్రీరాములు పోయాక ఆయన నోట ఎకసెక్కం రావడం ఇదే మొదలు.

నీ సీతమ్మ


నూజివీడు,
14 సెప్టెంబరు

సీతా,

నీ ఉత్తరం మా అత్తగారికి చదివి వినిపించాను. డబ్బా సంగతికి నవ్వీ నవ్వీ కాశీ ప్రయాణం మానుకుంది.

సువర్ణరాజు గారు వచ్చే గురువారం బండి కట్టుకొస్తానన్నారు. ఆయనకి ఐదేళ్ళ పాప. కుక్క వస్తుందని ఊరంతా చెప్పుకు తిరుగుతోందట. ఈ పాటికి కాలు మానే ఉంటుంది.

నీ సత్యవతి


చాట్రాయి,
18 సెప్టెంబరు

సత్యవతీ,

కాలు మానలేదు. రావద్దని చెప్పు.

సీతమ్మ


నూజివీడు,
28 అక్టోబరు

ఒసేయ్ అబద్ధాలకోరూ,

మొన్న మా ఆయన గేదెలకి సూదులు వెయ్యడానికి చాట్రాయి వచ్చి మీ వీధిలోనుంచే వెళ్ళారు. ఎర్రది కోతి వెంట నాలుగు కాళ్ళ మీదా పరిగెత్తడం కళ్ళారా చూశారు. "మానకుండానే ఇలా ఉంటే, మానితే రైలుని పట్టుకుంటుంది" అని ఒకటే నవ్వు.

వదల్లేకపోతున్నావు, అంతేగా? ఉంచేసుకోవే. ఇందులో దాపరికం ఎందుకు? ఆ పాపకి ఇంకో కుక్కని చూస్తాను. ఒక్క మాట రాయి.

నీ మంచి కోరే
సత్యవతి


చాట్రాయి,
7 నవంబరు

ప్రియమైన సత్యవతికి,

వదల్లేక కాదే. ఆ ఇంట్లో ఐదేళ్ళ పాప ఉందని రాశావు చూడు, అప్పుడు నా భయం రెట్టింపయింది.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. శ్రీరాములుకి జబ్బు బయటపడ్డాక, కుక్క కరిచినట్టు వాడు చెప్పనే లేదని అందరితో అన్నాను. చెప్పాడు. ఆ రోజే వచ్చి చెప్పాడు. పిక్క మీద చిన్న గీత, గోటితో గీరినట్టుంది. "కుక్క జోలికెందుకెళ్ళావురా" అని ఒకటి వేశాను. మా అమ్మ మాకు చేసినట్టే కారం అద్ది గుడ్డ కట్టాను. "మీ నాన్నతో అనకు, ఇద్దర్నీ తంతాడు" అన్నాను. వాడు అనలేదు. నలభై రోజులకి మంచినీళ్ళ చెంబు చూసి వణికాడు. కరిచిన వెంటనే వెళ్తే ఆసుపత్రిలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారని నాకు అప్పుడు తెలిసింది.

రోగం లేదని మీ ఆయన చెప్పినా నా మనసు ఒప్పలేదు. అది వచ్చిన రోజు నుంచి ఒక నలభై రోజులు చూశాను. చాలలేదు. ఇంకో నలభై. ఆ తర్వాత ఇంకోటి. రోజూ పొద్దున్నే దాని ముందు నీళ్ళు పెట్టి, తాగేదాకా పక్కన కూచునేదాన్ని. పోయిన సోమవారంతో మూడు నలభైలు నిండాయి.

ఆ రోజే ఆ కారం సంగతి మా ఆయనకి చెప్పాను. అన్నం తింటున్నాడు. చెయ్యి ఆగిపోయింది. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టి, "నాకు చెప్పినా నేనూ కారమే అద్దేవాణ్ణి" అన్నాడు. పళ్ళెంలో మిగిలింది తినేసి లేచాడు.

మర్నాడు ఆయనే ఉంగుటూరు కబురు పంపాడు. శుక్రవారం సువర్ణరాజు గారు, భార్య, పాప బండిలో వచ్చారు. ఆవిణ్ణి కొట్టంలోకి పిలిచి చెప్పాను. "ఏ కుక్కదైనా సరే, ఆటలో పన్ను గీసుకున్నా సరే, కారం పెట్టకు, పసరు పెట్టకు. సబ్బుతో కడిగి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళు. పిల్లని కొట్టకమ్మా. కొడితే రెండోసారి చెప్పదు." ఆవిడ "అలాగేనండీ" అంది. నేను మళ్ళీ అనిపించాను. మళ్ళీ అంది.

ఎర్రది బండెక్కి పాప ఒళ్ళో తలపెట్టి పడుకుంది. నా వంక చూడను కూడా లేదు, విశ్వాసం లేనిది. బండి మలుపు తిరిగేదాకా మేమిద్దరం గుమ్మంలో నిలబడ్డాం. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

వచ్చే శనివారం ఆయన తవుడుకి నూజివీడు వస్తాడు. తిరుగుబండి ఖాళీగా పంపకు, మీ పెరట్లో కుక్కలున్నాయిగా. ఇది నా మాట కాదు, ఆయనే రాయమన్నాడు.

నీ సీతమ్మ