గూడు దాకా వచ్చిన అల

అక్టోబర్ 4, శనివారం

మళ్లీ గూడు కడుతున్నాయి ఆ పిట్టలు. మన జెట్టీ చివర, జమ్ములో. కిందటి వారం ఎవడో బోటువాడు లేపిన అలకి గూడు మునిగిపోయింది. ఈ వారం అదే చోట మళ్లీ మొదలు. వీటికి బుద్ధి లేదా అనుకున్నాను. తర్వాత సిగ్గేసింది. వేరే చోటు ఎక్కడుంది వాటికి?

పక్కింటి మార్జ్ వీటిని డాబ్‌చిక్ అంటుంది. ఎనభై దగ్గర పడుతున్న మనిషి, ఈ లేక్ ఒడ్డునే పుట్టింది. నేను ఒకసారి బాతు అన్నానని రెండ్రోజులు మొహం మాడ్చుకుంది. బాతు కాదు. మా కైకలూరు వైపు మునుగుడు కోడి అంటామే, దానికి వేలువిడిచిన చుట్టం. ఒడ్డున కట్టదు గూడు. నీళ్ల మీదే నాచూ కుళ్లిన ఆకులూ పోగేసి, జమ్ము కాడలకి తగిలించి వదిలేస్తుంది. తేలుతూ ఉంటుంది. చిన్న అల వస్తే కాస్త లేచి కూర్చుంటుంది. పెద్ద అల వస్తే అంతే.

రూలు ఉంది. ఒడ్డుకి రెండొందల మీటర్ల లోపల ఏ బోటైనా ఐదు నాట్స్ దాటకూడదు. అంటే మెల్లగా జాగింగ్ చేసే మనిషంత వేగం. పెట్టింది ఈదేవాళ్ల కోసమేనట. పిట్టలకీ అదే దిక్కు. బోట్లు నీళ్లలోకి దింపే ర్యాంప్ దగ్గర బోర్డుంది, నీళ్ల మీద తేలే పసుపు డ్రమ్ములున్నాయి, వాటి మీద ఇంతేసి 5. చదవడం రానివాడు ఈ దేశంలో ఎవడున్నాడు...

అక్టోబర్ 5, ఆదివారం

కిరణ్ ఇవాళ కూడా స్లీప్‌అవుట్‌లోంచి బయటికి రాలేదు. వెనక తోటలో ఆ ఒంటిగది చుట్టాలొస్తే ఉంటుందని మా ఆయన మురళి కట్టించాడు. ఇప్పుడు అది మా తమ్ముడి ఇల్లు. జాన్సన్‌విల్‌లో వాడూ స్వాతీ విడిపోయాక, ఒక సూట్‌కేసు కారులో వేసుకుని వచ్చేశాడు. ఆద్య తల్లి దగ్గరుంది. తొమ్మిదేళ్ల పిల్ల.

పప్పుచారు, బంగాళాదుంప వేపుడు పెట్టాను. ప్లేటు తెచ్చి సింకులో పెట్టాడు. సగం అలాగే ఉంది. "సరిపోయిందక్కా."

చిన్నప్పుడు నా ప్లేట్లోది కూడా లాక్కుని తినేవాడు వెధవ.

అక్టోబర్ 11, శనివారం

కిరణ్ జెట్ స్కీ కొన్నాడు, నీళ్ల మీద నడిపే మోటార్‌సైకిల్ లాంటిది! సెకండ్ హ్యాండ్‌ది, ట్రెయిలర్‌తో సహా. ఎవర్నీ అడగలేదు. నేను వాకిట్లో నిలబడి చెడామడా తిట్టేశాను — ఉద్యోగం ఇంకా కుదురుకోలేదు, ఈ వయసులో బొమ్మలేంట్రా... వాడు అంతా విని, "అయిపోయిందా అక్కా, టీ పెడతావా" అన్నాడు.

నవ్వుతూ అన్నాడు. నవ్వుతూ! ఆ మాట రాయడానికే ఇవాళ పేజీ తెరిచాను.

అక్టోబర్ 12, ఆదివారం

వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. డ్రమ్ముల దాకా బుద్ధిమంతుడిలా మెల్లగా వెళ్తాడు. దాటాక చూడాలి. వాడి పసుపు లైఫ్ జాకెట్ లేక్ అవతలి ఒడ్డుకి ఎప్పుడు పోతుందో, ఎప్పుడు తిరిగొస్తుందో. మళ్లీ డ్రమ్ముల లోపలికి రాగానే స్పీడు తగ్గించి, గూడుకి దూరంగా చుట్టు తిరిగి ర్యాంప్‌కి.

మధ్యాహ్నం మారు అన్నం అడిగాడు. గోంగూర పచ్చడి సీసా ఖాళీ.

"దాని మీద ఉన్నంతసేపూ బుర్రలో ఏం ఉండదక్కా. చప్పుడొక్కటే."

ఆ మెషిన్‌కి దిష్టి తీయాలి.

అక్టోబర్ 18, శనివారం

గుడ్లు పెట్టింది. మార్జ్ బైనాక్యులర్స్ ఇచ్చింది — తెల్లగా రెండు, కాసేపటికే నాచు మరకలు. పిట్ట దిగేటప్పుడు నాచుతో గుడ్లు కప్పి మరీ వెళ్తుంది. ఎవరు నేర్పారో.

సంబరం పట్టలేక భోజనాల దగ్గర అంతా చెప్పేశాను. ఆడదొక్కటే కాదురా, తండ్రి కూడా పొదుగుతుంది, ఒకటి దిగితే ఒకటి ఎక్కుతుంది, డ్యూటీ మారినట్టు. పిల్లలు పుట్టాక వీపు మీద ఎక్కించుకుని లేకంతా తిప్పుతుందట తండ్రి! రెక్కల సందులోంచి బుల్లి తలకాయలు బయటికి...

కిరణ్ "ఊ" అన్నాడు. మురళి నా వైపు అదోలా చూశాడు. నాకు పక్షుల పిచ్చి పట్టిందనుకుని ఉంటాడు.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. ల్యాబ్‌లో డ్యూటీ. ఇంటికొచ్చి జెట్టీ మీద నాలుగు ప్రమిదలు పెడదామంటే మార్జ్ వద్దంది, పిట్ట బెదిరి లేచిపోతుందని. కిటికీలో పెట్టాను.

అక్టోబర్ 25, శనివారం

లేబర్ వీకెండ్, సోమవారంతో కలిపి మూడు రోజులు సెలవు. ఆక్లండ్ ఖాళీ అయి ఇక్కడికొచ్చినట్టుంది. ర్యాంప్ దగ్గర ట్రెయిలర్ల క్యూ రోడ్డు దాకా.

పొద్దుట్నుంచీ మార్జ్, నేనూ జెట్టీ మీద ట్రాఫిక్ పోలీసులం. నేను చెయ్యెత్తి ఆగమంటాను. వాళ్లు చెయ్యెత్తి హలో అంటారు! ఒకాయన బీరు డబ్బా కూడా పైకెత్తి చూపించాడు. బోటులో ఉన్న ప్రతివాడూ ఒడ్డున ఉన్న ప్రతివాడికీ చెయ్యూపాల్సిందేనట, ఇక్కడి మర్యాద. మార్జ్ అరచెయ్యి కిందికి పెట్టి తట్టినట్టు చూపించమంది. మెల్లగా, మెల్లగా అని. అది కొందరికి అర్థమైంది.

పెద్ద బోటొకటి డ్రమ్ముల లోపలే జోరుగా వచ్చేసింది. గూడు లేచింది, పడింది, ఒక పక్కకి ఒరిగింది. పిట్ట దిగలేదు. అలాగే కూర్చుంది.

అప్పుడు కిరణ్ ర్యాంప్ నుంచి తన జెట్ స్కీ మీద మెల్లగా ఆ బోటు దగ్గరికి వెళ్లాడు. ఏదో చెప్పాడు, జమ్ము వైపు చూపించాడు. ఆ బోటాయన టోపీ తీసి మాకేసి ఊపాడు. సాయంత్రం దాకా కిరణ్ అలా తిరుగుతూనే ఉన్నాడు, అందరికీ చెబుతూ.

మార్జ్ వాడికి కేక్ పెట్టింది. "మంచి కుర్రాడు నీ తమ్ముడు." నలభై దగ్గర పడుతున్న కుర్రాడు. నాకెంత గర్వంగా ఉందో.

అక్టోబర్ 29, బుధవారం

స్వాతికి బ్రిస్బేన్‌లో ఉద్యోగం వచ్చింది. ఆద్యని తీసుకుని వెళ్తోంది.

ఇక్కడి చట్టంలో తండ్రి ఒప్పుకోకపోతే పిల్లని దేశం దాటించలేరట. వీడు ఒప్పేసుకున్నాడు. "కాదని ఏం సాధిస్తానక్కా. స్వాతికి అక్కడ వాళ్ల చెల్లెలుంది, బాబాయి వాళ్లున్నారు. ఇక్కడ నేనున్నాను, ఈ గదిలో."

స్వాతి ఫోన్ చేసింది. "వదినా, నేనేం పారిపోవట్లేదు." తెలుసమ్మా. ఒక్కతే అద్దె కట్టుకుంటూ, పిల్లని స్కూల్లో దింపి, షిఫ్టులు చేసి... ఆ పిల్లని తప్పు పట్టలేను. వీడినీ తప్పు పట్టలేను. ఎవర్నో ఒకర్ని పట్టగలిగితే కాస్త హాయిగా ఉండేది.

నవంబర్ 1, శనివారం

కిరణ్ లేక్‌లోకి వెళ్లలేదు. జెట్టీ మీద కూర్చుని బైనాక్యులర్స్‌తో గూడు చూస్తున్నాడు. పొద్దుట్నుంచీ.

"ఎప్పుడు పిల్లలవుతాయక్కా?"

ఈ వారమో పై వారమో అంది మార్జ్, అన్నాను. వాడికీ ఏదో ఆసక్తి పుట్టిందని సంతోషించాను.

నవంబర్ 2, ఆదివారం

ఎలా రాయను.

మినప్పిండి కలుపుతున్నాను. ఇంజను చప్పుడు — దగ్గరగా, మరీ దగ్గరగా. కిటికీలోంచి పసుపు జాకెట్. డ్రమ్ముల లోపల. ఫుల్ స్పీడులో జెట్టీ పక్కనుంచి ఒరుసుకుంటూ వంపు తిరిగి, బయటికి వెళ్లిపోయింది. దాని వెనకే అల. చూస్తూ ఉండగానే జమ్ము అంతా పడుకుని లేచింది.

చేతులకి పిండితోనే పరిగెత్తాను. గూడు లేదు. నాచు ముద్దలు ముద్దలుగా తేలుతోంది. ఒక గుడ్డు జమ్ము మొదట్లో, పగిలి. రెండోది కనబడలేదు. రెండు పిట్టలూ ఆ చోటే తిరుగుతున్నాయి. ఒకటి మునిగి నోట నాచు పట్టుకొచ్చింది, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని ఉంది.

మార్జ్ వచ్చింది. ఎవరు, అని అడగలేదు. నేనే ముందు "నేను చూళ్లేదు" అన్నాను. అడక్కుండానే అబద్ధం.

చాలాసేపు నా మొహంలోకి చూసింది.

"నేను చూశాను ఉమా. రేపొక్క రోజు ఆగి, మంగళవారం బోట్ల రూల్స్ చూసే ఆఫీసుకి ఫోన్ చేస్తాను. ముందు నువ్వు అతనితో మాట్లాడు." నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

మినప్పిండి పారబోశాను.

నవంబర్ 3, సోమవారం

రెండ్రోజులు సెలవు పెట్టాను. మురళి అంటాడు, నేను మార్జ్‌తో మాట్లాడతాను, ఆవిడ మంచిది, వింటుంది. వింటుంది. అందుకే అడగబుద్ధి కావట్లేదు. ఫోన్ వెళ్తే వీడు మళ్లీ ఆ గదిలో తలుపేసుకుంటాడు, ఈసారి బయటికి వస్తాడని నాకు నమ్మకం లేదు. వెళ్లకపోతే ఈ లేక్ మీద ఇంకెవరికి చెయ్యెత్తి మెల్లగా అని చెప్పను?

కాఫీ పట్టుకుని స్లీప్‌అవుట్‌కి వెళ్లాను. మాటలు ముందే సిద్ధం చేసుకున్నాను. ఎండ కళ్లల్లో పడి ఉంటుంది, మనసు బాగోలేదు, గూటికి అంత దగ్గరికొచ్చావని గమనించి ఉండవు...

"నువ్వు చూసుకోలేదు కదరా?"

"చూశానక్కా."

కాఫీ కప్పుతో గుమ్మంలోనే నిలబడ్డాను.

"మొన్నంతా చూస్తూనే ఉన్నాను. నిన్న పొద్దున కూడా. ఒకటి దిగుతుంది, ఒకటి ఎక్కుతుంది. ఒక్క నిమిషం ఖాళీగా వదలవు. నువ్వే చెప్పావుగా, తండ్రి వీపు మీద ఎక్కించుకుని తిప్పుతుందని... అది చూడలేననిపించింది. ఆ తలకాయలు బయటికి రావడం. ఆపేలోపు అయిపోయింది అని చెప్పొచ్చు. మార్జ్ కూడా నమ్ముతుంది. కానీ కాదక్కా. చేత్తో పట్టుకునే ఉన్నాను. ఎక్కడ తగ్గించాలో తెలుసు. తగ్గించలేదు."

కొట్టాలనిపించింది. నిజంగా, చిన్నప్పుడు కొట్టినట్టు వీపు మీద ఒక్కటి. తల ఒళ్లో పెట్టుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. కాఫీ అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆ రోజు భోజనాల దగ్గర మురళి చూసిన చూపు ఇప్పుడు అర్థమవుతోంది. నేను వాగుతూ పోయాను, వాడు "ఊ" అంటూ విన్నాడు. నా నోటి మీద నాకే కోపంగా ఉంది. అయినా సరే, చేసింది వాడే. ఈ వాక్యం కొట్టేసి మళ్లీ రాశాను.

నవంబర్ 4, మంగళవారం

వర్షం లేదు, గాలి లేదు. లేక్ మీద ఒక్క బోటు లేదు.

పొద్దున్నంతా మార్జ్ ఇంటివైపు చెవి పెట్టుకుని ఉన్నాను, ఫోన్ మాట్లాడితే నాకు వినబడుతుందన్నట్టు. మురళిని వెళ్లనివ్వలేదు, నేనూ వెళ్లి అడగకూడదనుకున్నాను. రెండుసార్లు చెప్పులేసుకుని విప్పాను.

మధ్యాహ్నం స్లీప్‌అవుట్ తలుపు తెరుచుకుంది. కిరణ్. గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా. వంటింట్లోకి వచ్చి మంచినీళ్లు తాగాడు.

"ఆవిడ చేసేసిందా ఫోను?"

"తెలీదురా."

"ముందు నేను చెప్పాలక్కా ఆవిడకి. నీకు చెప్పినట్టే."

చూసుకోలేదని చెప్పు చాలు, అనబోయాను. నాలిక చివరిదాకా వచ్చింది. ఎలా మింగానో నాకే తెలీదు.

పక్క గేటులోంచి వెళ్లాడు. ఫోన్ బల్ల మీద మర్చిపోయాడు. కిటికీలోంచి కనబడుతోంది — మార్జ్ తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు. వాడు మాట్లాడుతున్నాడు, చేతులు వెనక్కి పెట్టుకుని. ఆవిడ వింటోంది. తర్వాత మెట్టు మీద మెల్లగా కూర్చుంది, మోకాలు పట్టుకుని. వాడు నిలబడే ఉన్నాడు.

అప్పుడు మోగింది ఫోను. వీడియో కాల్. ఆద్య. స్కూల్ అయిపోయినట్టుంది.

మోగనిద్దామనుకున్నాను. ఎత్తాను. స్క్రీన్ నిండా నుదురూ రెండు జడలూ. మాట మాత్రం ఇంగ్లీషే ఎప్పట్లాగే. హాయ్ అత్తా, నాన్న ఎక్కడ?

పక్కింట్లో ఉన్నాడమ్మా, అన్నాను.

అక్కడ ఏం చేస్తున్నాడు, అని అడిగింది.