ఇరవై రెండు మెట్లు

మార్చి 4, మంగళవారం

అక్క కొత్త రెస్టారెంట్‌లో ఇవాళ మొదటిసారి కస్టమర్‌లా కూర్చుని తిన్నాను. డిజైన్ నాదే. నా డప్పు నేనే కొట్టుకోకూడదు గానీ, ఈ డైరీ ఎవరు చదవొచ్చారు? హాలు అదిరిపోయింది. ఆ ఇత్తడి దీపాల వెలుగులో ఎవరిని చూసినా పదేళ్లు చిన్నగా కనిపిస్తున్నారు. పక్క టేబుల్ వాళ్లు తీగలు పాకించిన గోడ ముందు ఫోటోలు దిగుతున్నారు. వినపడనట్టు నటిస్తూ పొగడ్తలన్నీ విన్నాను.

తిండి మాత్రం దారుణం. సూప్ మీద పొర. చేప చల్లబడి బిగుసుకుపోయింది. వేపిన బంగాళాదుంపలు మెత్తబడిపోయాయి. పైన పటారం, లోన లొటారం. ఎలా ఉందని అక్క అడిగితే, వంట మాస్టర్ చేతిలో మునుపటి రుచి లేదని చెప్పేశాను. అక్క పాత హోటల్లో పదకొండేళ్లు వండింది ఆయనే. ఆ హోటల్ గోడలకు సరైన రంగు కూడా ఉండేది కాదు. జనం మాత్రం నిలబడి తినేవారు.

మార్చి 9

ఫోటోలకు వచ్చినవాళ్లు భోజనానికి మళ్లీ రావట్లేదట.

మార్చి 13, గురువారం

అక్క ఫోన్ చేసింది. ఆదివారంతో మాస్టర్‌ని మానిపించేస్తుందట. నువ్వు కూడా అన్నావుగా, అంది. ఏడ్చిందని గొంతులోనే తెలుస్తోంది. ఆయనకి యాభై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఎవరు పనిస్తారు? నోరు జారడానికి నాకు నిమిషం పట్టలేదు.

మార్చి 14, మధ్యాహ్నం 3

మనసాగక వెళ్లాను. ఓపెనింగ్ అయ్యాక వంటగదిలో అడుగు పెట్టడం ఇదే మొదలు. మాస్టర్ స్టూలు తుడిచి వేశాడు. పొయ్యి మీది గిన్నెలోంచి కాస్త సూప్ పోసిచ్చాడు. అదే పాత హోటల్ రుచి. తెలియకుండానే కప్పు ఖాళీ చేశాను.

ఇంకో కప్పు పోయించుకుని, సర్వర్లు నడిచే దారిలోనే కిందికి దిగాను. ఇరవై రెండు మెట్లు. ఆ తర్వాత పొడవాటి నడవా. ఏడో టేబుల్, సరిగ్గా నెత్తి మీద ఏసీ. కూర్చునేసరికి పొర కట్టేసింది.

వంటగదిని మేడ మీదికి ఎక్కించింది ఎవరు? నేనే. పొగా వాసనా నా హాల్లోకి రాకూడదని. ప్లాన్ చూసిన రోజే మాస్టర్ ఒక్క మాటన్నాడు.

"అమ్మా, వేడి అంత దూరం నడవలేదు."

నేను నవ్వేసి, అవన్నీ తర్వాత చూద్దాంలెండి అన్నాను.

ఈ సంగతి అక్కతో ఎందుకు చెప్పలేదని ఇవాళ అడిగాను. చెల్లెలి పనితనమంటే ఆవిడకి ఎంత గర్వమో, మన నోటితో ఎందుకు చిన్నబుచ్చడం అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

మార్చి 15

రెండుసార్లు అక్క నంబర్ నొక్కి కట్ చేశాను. ఒక మ్యాగజైన్ వాళ్లు హాలు ఫోటోలు అడిగారు. ఫోన్ చెయ్యకపోవడానికి అదీ ఒక కారణం. సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను.

మార్చి 16, ఆదివారం

చెప్పేశాను. అక్కని మెట్లెక్కించి, పొయ్యి పక్కనే నిలబెట్టి సూప్ తాగించాను. తప్పు ఆయన చేతిది కాదు, నా ప్లాన్‌ది అన్నాను. అక్క కప్పు పక్కన పెట్టి, చిన్నప్పుడు తిట్టినట్టే తిట్టింది. ఆ తర్వాత మాస్టర్ వైపు తిరిగి ఆయన చెయ్యి పట్టుకుంది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. నాది సగమే పోయింది.

వంటగదికి కింద చోటెక్కడుందని అక్క అడిగింది. కిందికి తీసుకెళ్లి నా తీగల గోడ చూపించాను. దాన్ని కొట్టేసి వెనక గదిని కలిపేస్తే సరిపోతుంది. అంత అందమైన గోడ, వద్దమ్మా అని మాస్టరే బతిమాలాడు. అప్పుడు ఏడ్చాను.

మార్చి 30

హాలంతా సిమెంటు దుమ్ము. పొయ్యి కిందే వెలిగించారు. ఏడో టేబుల్ దగ్గర సూప్ మొదటి చెంచాకే అక్క నాలుక కాలింది. నాదీ కాలింది. మాస్టర్ కంగారుపడి మంచినీళ్లు తెచ్చాడు. ఇద్దరం వద్దన్నాం.